కాశీలో వదిలినది

నవంబరు 4, సోమవారం

మొన్న శనివారం పొద్దున సంగతి రాసి పెట్టుకోవాలి. ఆ పొద్దున ఏమీ జరగలేదు. అందుకే రాయాలి.

గోదారి మీద మంచు ఇంకా విడలేదు. తమ్ముడు ఉదయ్‌కుమార్ రేవు నుంచి వచ్చి బుట్ట అరుగు మీద దించాడు. నాలుగు శీలావతులు, కాసిన్ని జెల్లలు. కార్తీకంలో చేపలు కొనేవాళ్ళు ఉండరు. గోదారికి మాసాలు తెలియవు కదా. నేను స్నానం చేసి, తులసి దగ్గర దీపం పెట్టి, పొయ్యి మీద పాలు పెట్టాను. నాన్న గుమ్మంలో కూర్చుని వల చిరుగు కుడుతున్నాడు. మరదలు బుజ్జమ్మ ఉప్మాకి ఉల్లిపాయలు తరుగుతోంది. నాకు ఉల్లి లేకుండా వేరే గిన్నె. చెల్లి దుర్గ పెరట్లో గోడకేసి బంతి కొడుతోంది.

బంతి గోడకి తగిలినప్పుడు ఒక చప్పుడు. తిరిగి దాని చేతుల్లోకి వచ్చినప్పుడు ఇంకో చప్పుడు, మెత్తగా, పిండి మీద అరచెయ్యి వేసినట్టు. మోకాలికి పట్టీ వేసుకుని గొంతుక్కూర్చుంటోంది, లేస్తోంది. లేచినప్పుడల్లా చిన్న మూలుగు. వికెట్ కీపరుకి రోజంతా అదే పని.

వంటింటి కిటికీ పెరటి వైపే. నేను కిటికీకి వీపు పెట్టి నిలబడ్డాను. ఎప్పుడూ అలాగే.

"పెద్దక్కా, ఇటు చూడు, ఎడమ చేత్తో!" అని అరిచింది.

"పాలు పొంగుతాయే" అన్నాను.

పాలు అప్పటికి వెచ్చబడనైనా లేదు.

బంతి చప్పుడు కాసేపు ఆగింది. మళ్ళీ మొదలైంది.

తర్వాత అందరం ఉప్మా తిన్నాం. నాన్న ఉప్పు ఎక్కువైందన్నాడు. "మీ నోటికి గోదారి నీళ్ళు కూడా ఉప్పేనండి మావయ్యగారూ" అంది బుజ్జమ్మ. దుర్గ పొలమారేలా నవ్వింది. నేను దాని నెత్తి మీద తట్టాను. ముప్పై ఐదేళ్ళు వచ్చినా పొలమారితే నా వైపే తల వంచుతుంది.

అంతే. ఆ పొద్దున ఇంకేమీ లేదు.

మధ్యాహ్నం ఫోను వచ్చింది. ఇండియా టీములో కీపింగ్ చేస్తున్న పిల్లకి బొటనవేలు విరిగిందట. మోకాలి వల్ల ఏడాదిగా ఇంట్లో ఉన్న దుర్గని మళ్ళీ రమ్మన్నారు. సౌతాఫ్రికాతో మూడు వన్డేలు. మూడోది వైజాగ్‌లో. నిన్న రాజమండ్రిలో విమానం ఎక్కింది.

ఇవాళ మొదటి కార్తీక సోమవారం. ఉపవాసం.

నవంబరు 6, బుధవారం

ఎవరికీ చెప్పని సంగతి. ఇక్కడ రాస్తే చెప్పినట్టు కాదు.

పదిహేనేళ్ళ కిందట కొవ్వూరు నుంచి కాశీకి బస్సు వేస్తే నాన్న, ఉదయ్, బుజ్జమ్మ, నేను వెళ్ళాం. కాశీలో ఇష్టమైనది ఒకటి వదిలేయాలి. వదిలింది ఈ జన్మలో మళ్ళీ ముట్టకూడదు. బుజ్జమ్మ కాకరకాయ వదిలింది. దానికి కాకరకాయ పుట్టిన దగ్గర్నుంచీ పడదు. ఉదయ్ పొట్లకాయ అన్నాడు. "విశ్వనాథుడి ఇంటి నిండా మన తెలుగువాళ్ళు వదిలిన కాకరకాయలే ఉంటాయి" అని బస్సులో ఎవరో అంటే అందరూ నవ్వారు. నేను జామకాయ అన్నాను. నాకు జామకాయంటే ప్రాణమని అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ ఇంకేం అడగలేదు.

పైకి జామకాయ. గంగలో మునిగేటప్పుడు అన్నది వేరు.

దుర్గకి అప్పుడు ఇరవై. వేలు విరిగింది, రాష్ట్రం టీములోంచి తీసేశారు, తలుపేసుకుని పడుకుంది. అన్నం తినడం లేదు. అమ్మ పోయేనాటికి ఎనిమిది నెలల పిల్ల, నా భుజం మీద పెరిగింది. నాకు ఇష్టమైనది ఏంటని నన్ను నేను అడిగితే ఒకటే కనపడింది. సాయంత్రం మార్కెట్టు నుంచి వచ్చి, ఖాళీ బుట్ట పక్కన పెట్టుకుని, ఏటిగట్టు మీద కూర్చుని, ఇసుక తిప్ప మీద మగపిల్లల మధ్య అది ఆడుతుంటే చూడటం. రోజు మొత్తానికి అదే నా అన్నం.

"దాని ఆట ఇక నా కళ్ళతో చూడను స్వామీ. దాన్ని ఆడనివ్వు" అన్నాను. మునిగాను.

ఆ ఏడాదే ఇండియాకి ఆడింది.

అప్పటి నుంచి చూడలేదు. టీవీలో కూడా. పెరట్లో బంతి పట్టుకున్నా చూడను. నేను చూస్తే అవుటవుతుందని నా భయమని ఇంట్లో వాళ్ళు అనుకుంటారు. అనుకోనిచ్చాను. మ్యాచ్ ఉన్నరోజు ముందు గదిలో వాళ్ళు టీవీ పెడతారు, నేను పూజగదిలో దీపం ముందు కూర్చుంటాను. ఉదయ్ కేక వేస్తే ఫోరు. కుర్చీ కిందపడితే సిక్సు. బుజ్జమ్మ "అయ్యయ్యో" అంటే అవుటు. పదిహేనేళ్ళు గోడకి ఇవతలే.

నాకు దుర్గ ఆటంటే ఇప్పటికీ ఆ ఇసుక మీది పిల్లే. మోకాళ్ళకి ఇసుక, చెవిలో ఇసుక, పక్కకి దూకి బంతి పట్టి నా వైపు ఎత్తి చూపించేది. ఆ తర్వాతది నా దగ్గర లేదు.

జామకాయ కూడా తినలేదు. అబద్ధమన్నాక దానికీ ఒక మర్యాద ఉండాలి.

నవంబరు 8, శుక్రవారం

మొదటి మ్యాచ్. కుర్చీ ఒకసారి పడింది. గెలిచారు. దీపం కొండెక్కలేదు.

నవంబరు 10, ఆదివారం

టీవీలో దుర్గతో మాట్లాడించారు. మాట్లాడటం ఆట కాదు. చూశాను. చిక్కింది.

మీ ఇంట్లో వాళ్ళ గురించి చెప్పండి అని అడిగాడు ఆ అబ్బాయి. "మా పెద్దక్కే పెంచిందండి. నేను పెద్ద మ్యాచ్‌లు మొదలెట్టాక ఆవిడకి క్రికెట్ అంటే భయం, ఇష్టమూ పోయింది. ఒక్క మ్యాచ్ కూడా చూడలేదు. పాపం, నా కోసం భరించింది" అంది.

నవ్వుతూనే అంది.

నవంబరు 11, సోమవారం

రెండో సోమవారం. ఉపవాసం. మ్యాచ్ కూడా. బుజ్జమ్మ "అయ్యయ్యో" చాలాసార్లు అంది. ఉదయ్ ఏమీ చెప్పలేదు. నాన్న చెప్పాడు, క్యాచ్ వదిలేసిందని. "మోకాలు వంగలేదే అప్పాయమ్మా" అన్నాడు.

నవంబరు 13, బుధవారం

దుర్గ వచ్చింది. ఒక్క పూటకి. రేపు పొద్దున్నే వైజాగ్ వెళ్ళిపోవాలి.

సాయంత్రం వంటింట్లో గోరువెచ్చని ఉప్పునీళ్ళలో చేతులు పెట్టించాను. చూపుడువేలు ఒక పక్కకి, చిటికెనవేలు ఇంకో పక్కకి.

"ముళ్ళు గుచ్చుకున్న నా చేతులే నయమే" అన్నాను.

"నీవి చేపలు పట్టాయి, నావి బంతులు పట్టాయి. ఇద్దరిదీ పట్టే పనే పెద్దక్కా" అంది. తర్వాత, నీళ్ళలోకి చూస్తూ, "ఒక మాట. ఎవరికీ చెప్పకు. వైజాగ్‌ది ఆఖరుది" అంది.

"మూడే కదా, ఆఖరుదేగా."

"సిరీసుకి కాదు. నాకు."

నీళ్ళలో ఇంకో గుప్పెడు ఉప్పు వేశాను.

"మోకాలు కోయాల్సిందేనన్నాడు డాక్టరు. కూర్చుంటే లేవలేకపోతున్నానక్కా. వాళ్ళు తీసేసేలోపు నేనే చెప్పేస్తాను, సోమవారం. నాలుగు టికెట్లు తీశాను. నేను వికెట్ల వెనక నిలబడి తలెత్తితే ఎదురుగా మీరే కనపడతారు."

"నాన్నని, వాళ్ళిద్దర్నీ పంపిస్తాలే."

"నాలుగోది?"

నీళ్ళు చల్లారిపోయాయని లేచాను. కొంగు పట్టుకుని ఆపింది. చిన్నప్పుడు అలాగే ఆపేది.

"ఎప్పుడైనా అడిగానా నిన్ను? లండన్ రమ్మన్నానా, మెల్‌బోర్న్ రమ్మన్నానా? పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి వైజాగ్. ఒక్కసారి రా. అంత భయమైతే కళ్ళు మూసుకుని కూర్చో."

"వైజాగ్ వస్తానే" అన్నాను.

దాని మొహం చూడాల్సింది. తడి చేతులతోనే నన్ను వాటేసుకుంది. జాకెట్టు తడిసిపోయింది. "వదినా! పెద్దక్క వస్తోంది!" అని ఇల్లంతా అరిచింది.

వైజాగ్ వస్తాననే అన్నాను. అది అబద్ధం కాదు.

నవంబరు 14, గురువారం

గోష్పాద రేవు గుళ్ళో సత్యప్రసాద్ పంతులుగారిని అడిగాను.

"కాశీలో వదిలింది మళ్ళీ తీసుకోవచ్చా అండి?"

"ఏం వదిలారమ్మా?"

వెనకాల నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. "జామకాయండి" అన్నాను.

ఆయన నవ్వారు. "ఈ వయసులో జామకాయలు తినమని డాక్టర్లే చెబుతున్నారు కదమ్మా. స్వామికి ఒక కాయ నైవేద్యం పెట్టి, తప్పయితే క్షమించమని చెప్పుకుని తినండి. ఆయన జామకాయలు లెక్కపెట్టుకుంటూ కూర్చోడు."

"ఇంకేదైనా అయితేనండీ?"

"ఇంకేదీ వదల్లేదు కదా?"

"లేదండి."

జామకాయకి అనుమతి దొరికింది. తీర్థం పుచ్చుకుని వచ్చేశాను.

కళ్ళు మూసుకుని కూర్చోవచ్చు కదా అని రాత్రంతా అనుకున్నాను. నా కళ్ళని నేనెరుగుదును. మూసుకోవు.

నవంబరు 15, శుక్రవారం

పౌర్ణమి. అరటిదొప్పలో దీపం పెట్టి వదిలాను. అందరివీ వెళ్ళాయి. నాది మెట్టు దగ్గరే తిరుగుతూ ఉండిపోయింది. గాలి లేదు, అంతే.

నవంబరు 17, ఆదివారం. వైజాగ్

రైలు తిరుగు ప్రయాణంలో రాస్తున్నాను. అక్షరాలు కుదురుగా లేవు.

వెళ్ళాను. గేటు దాటాను. మెట్ల దాకా వెళ్ళాను. ఎనభై దగ్గర పడుతున్నా నాన్నే అందరికంటే ముందు ఎక్కాడు. నీళ్ళ సీసా తెస్తానని నేను కింద ఆగిపోయాను. స్టాండు కింద గోడ వారగా ఒక బల్ల ఉంది. అక్కడ కూర్చున్నాను. పైన అడుగుల చప్పుడు, ఈలలు.

దుర్గ గొంతు వినపడింది. జనం తక్కువ. కీపరు అరుపు బాగా వినపడుతుంది. గోడ అవతలి టీవీలోంచి ఎప్పుడూ ఇంత దగ్గరగా వినలేదు. బౌలింగ్ చేసే పిల్లలకి హిందీలో ఏవో చెబుతోంది, చప్పట్లు కొడుతోంది, మందలిస్తోంది. నేను దానికి ఎక్కాలు చెప్పినప్పుడు ఇలాగే మందలించేదాన్ని. మధ్యలో ఒక్కసారి "అబ్బా" అంది. తెలుగులో. మోకాలు.

గొంతు ఆట కాదు. విన్నాను.

కాపలా ఉన్న అమ్మాయి వచ్చింది. "ఏంటండీ అమ్మగారూ, మ్యాచ్ అవుతుంటే ఇక్కడ కూర్చున్నారు. టికెట్ లేదా?"

"ఉందమ్మా. ఎండ పడదు నాకు."

"ఈ స్టాండంతా నీడేనండి." కాసేపు నిలబడి, "కీపరు భలే అరుస్తుందండి. మన గోదారమ్మాయేనంట" అంది.

"అవునంట" అన్నాను.

మధ్యలో ఆట ఆగింది, మళ్ళీ మొదలైంది. ఎంతసేపయిందో తెలియదు. బుజ్జమ్మ మెట్లు దిగి పరిగెత్తుకుంటూ వచ్చింది.

"పెద్దొదినా! ఇక్కడున్నారా? కీపింగ్ చేసినంతసేపూ ఓవరు ఓవరుకీ మా వైపు చూసి, ఎక్కడా అని చెయ్యి ఊపింది. మీ తమ్ముడు వస్తోంది వస్తోంది అని సైగలు చేసి చేసి అలిసిపోయారు. లేవండి, ఇప్పుడు బ్యాటింగుకి వస్తోంది!"

చెయ్యి పట్టుకుని లాగింది. లేచాను. మెట్లు ఎక్కాను. పైన వెలుతురు. పచ్చగా ఒక ముక్క కనపడింది, ఏటి అవతల వరిచేను కనపడినట్టు. ఇంకొక్క మెట్టు. స్టేడియం అంతా ఒక్కసారి దుర్గ పేరు అరిచింది.

తల దించేసుకున్నాను. కమ్మీ పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను.

"ఏమైందండీ? కళ్ళు తిరిగాయా?"

"కాళ్ళు నొప్పే. నువ్వు వెళ్ళు."

బుజ్జమ్మ నా వైపు, పై వైపు చూసి, చెయ్యి వదిలేసి పైకి పరిగెత్తింది. దాని తప్పేం లేదు.

ఒక కేక. ఇంకో కేక. ఉదయ్ గొంతు వేరుగా వినపడింది. తర్వాత ఎవరో బుట్ట బోర్లించినట్టు చప్పుడు ఆగిపోయింది. అంతమందిలోనూ బుజ్జమ్మ "అయ్యయ్యో" నాకు తెలిసింది.

ఆ తర్వాత చప్పట్లు. చాలాసేపు కొట్టారు. ఇది ఆఖరుదని వాళ్ళకి తెలియదు. అయినా కొట్టారు. తెలిసినదాన్ని నేను ఒక్కదాన్నే, మెట్ల మీద, వీపు అటు పెట్టి.

ఎదురుగా సీట్లో ఉదయ్ నిద్రపోతున్నాడు. నాన్న నిద్రపోవడం లేదు. నా వైపు చూస్తున్నాడు.

నవంబరు 18, సోమవారం

మూడో సోమవారం. ఉపవాసం. ఇక ఆడనని దుర్గ చెప్పేసింది. టీవీలో దాని పాత ఆటలు వేస్తున్నారట. పూజగది తలుపు దగ్గరగా వేసుకున్నాను.

నవంబరు 20, బుధవారం

దుర్గ వచ్చింది. నాన్న కాళ్ళకి దణ్ణం పెట్టింది. నాకు పెట్టలేదు. చేతిలో బ్యాగు బరువు.

నవంబరు 22, శుక్రవారం

చింతచిగురు లేదు, గోంగూర వండాను. దానికి ఇష్టమే. బాగుందనలేదు. పులుపు ఎక్కువైందేమో.

నవంబరు 24, ఆదివారం

మధ్యాహ్నం కడియం నుంచి ఎవరో వచ్చి దుర్గకి శాలువా కప్పి, పళ్ళ బుట్ట ఇచ్చి వెళ్ళారు. బుట్ట నిండా జామకాయలు.

"లోపల పెట్టు బుజ్జమ్మా, పెద్దక్క ముందు వద్దు" అన్నాడు ఉదయ్.

దుర్గ ఒక కాయ తీసి చేతిలో తిప్పింది, బంతి తిప్పినట్టు.

"దేవుడి కోసం ఇంత ఇష్టమైనది వదలగలిగావు. నా కోసం ఒక్క పూట నీ భయం వదల్లేకపోయావు" అంది.

గుమ్మంలో నాన్న సూది ఆగింది.

"అది వదిలింది జామకాయ కాదే" అన్నాడు.

"నాన్నా" అన్నాను.

"గంగలో నా పక్కనే మునిగింది. నాకు చెవుడు ఇప్పుడొచ్చింది, అప్పుడు లేదు. దాని ఆట నా కళ్ళతో చూడను, దాన్ని ఆడనివ్వు అంది. ఇన్నాళ్ళూ అదే చెబుతుందిలే అని ఊరుకున్నాను. చెప్పదు. నేను పోతే ఇంక చెప్పేవాడు ఉండడు."

బుజ్జమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

దుర్గ ఏడుస్తుందనుకున్నాను. నన్ను పట్టుకుని ఏడుస్తుందని పదిహేనేళ్ళుగా ఎక్కడో లోపల అనుకుంటూనే ఉన్నాను కాబోలు. ఏడవలేదు.

"నేనడిగానా?" అంది.

"లేదు."

"నేను ఆడింది నీ మొక్కు వల్లా? మరి ఈ వేళ్ళు ఎందుకు? ఈ మోకాలు ఎందుకు?"

నేను తల ఎత్తలేదు.

"నువ్వు రావని తెలిసి కూడా ప్రతి ఊళ్ళో తలెత్తి చూసేదాన్ని. అక్కకి ఇష్టం లేని పని చేసి బతుకుతున్నానని సిగ్గుపడేదాన్ని. కళ్ళు మూసుకునైనా ఆ సీట్లో కూర్చోవాల్సిందక్కా. నువ్వు నన్ను చూడక్కర్లేదు. నాకు నువ్వు కనపడితే చాలు." కాయ బుట్టలో పెట్టేసింది. "నీది వదిలేశాననుకున్నావు. నాది వదిలేశావు."

కుంటుకుంటూ ఏటిగట్టు వైపు వెళ్ళిపోయింది.

పూజగదిలో కూర్చున్నాను. ప్రమిదలో నూనె ఉంది. వెలిగించలేదు.

సాయంత్రం అందరం అరుగు మీద కూర్చున్నాం. దుర్గ కూడా వచ్చింది. దుర్గని ఊళ్ళో ఊరేగించాలని ఉదయ్ మాట్లాడిన టాపులేని జీపు వద్దని మొదట అనుకున్నాం. ఉదయ్ సరేనన్నాడు. పాత మ్యాచ్‌లు టీవీలో పెట్టుకుని చూస్తే దోషమేంటని బుజ్జమ్మ అడిగింది. చూడనన్నాను. "ఇచ్చింది ఇచ్చిందే" అన్నాడు నాన్న. దుర్గ కూడా వద్దంది. "ఇప్పుడు చూసి ఏం చేస్తుంది వదినా. అందులోంచి నేను తనని చూడలేను కదా."

మోకాలి ఆపరేషన్ కార్తీకం వెళ్ళాక, హైదరాబాదులో. తోడు ఎవరు వెళ్ళాలన్న మాట వచ్చింది. బుజ్జమ్మ వెళ్తానంది. నేను వెళ్తానన్నాను.

"బయట కూర్చోవడం నీకు బాగా వచ్చుగా" అంది దుర్గ.

ఏటి మీద రైలు వంతెన దాటింది. అప్పుడు దుర్గ లేచి లోపలికి వెళ్ళి, ఒక జామకాయ కోసి, ఉప్పూ కారం అద్ది, నా చేతిలో పెట్టింది. నైవేద్యం పెట్టలేదు, క్షమాపణ చెప్పుకోలేదు. తిన్నాను. గింజలు ఇంత గట్టిగా ఉంటాయని మర్చిపోయాను.

ఇంట్లో నిర్ణయించింది ఇది. దుర్గతో నేను వెళ్తాను. బయట వరండాలో ఉదయ్ కూర్చుంటాడు. నేను గదిలో ఉండాలి. మత్తు దిగి అది తలెత్తితే కనపడేలా, మంచానికి ఎదురుగా, కుర్చీలో. అది లేచేదాకా జపం చేసుకుంటూ కళ్ళు మూసుకోకూడదు. తెరిచే ఉంచాలి.

ఒప్పుకున్నాను.